నూటఅరవై ఏళ్ళ తాత ఎక్కడా లేడు

పేపర్లో ఫొటో వస్తుంది. బోసినోరు, చేతికర్ర, చుట్టూ మునిమనవలు, కింద ‘వయసు 135’ అని రాసి ఉంటుంది. చూడగానే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ పుట్టిన నాటి రికార్డుతో సరిచూసి తేల్చిన లెక్కలో 120 దాటిన మనిషి ఇప్పటికి ఒక్కరే. ఆమె ఫ్రాన్స్‌లోని ఆర్ల్ పట్టణానికి చెందిన జాన్ కాల్మాఁ. 1875 ఫిబ్రవరి 21న పుట్టి, 1997 ఆగస్టు 4న, 122 ఏళ్ళ 164 రోజుల వయసులో కన్నుమూశారు. మగవాళ్ళలో రికార్డు జపాన్‌కు చెందిన జిరోఎమోన్ కిమురాది: 116 ఏళ్ళు.

అపోహ: కొండగాలి, పెరుగు, కాయకష్టం ఉంటే 150 ఏళ్ళు బతకొచ్చు

ఈ నమ్మకాన్ని లోకమంతా పాకించింది సోవియట్ యూనియన్. 1973లో అజర్‌బైజాన్ కొండల్లో చనిపోయిన షిరాలీ ముస్లిమోవ్‌కు 168 ఏళ్ళని చాటింది. పుట్టినప్పటి కాగితం మాత్రం ఏదీ లేదు. ఆ గుట్టు విప్పినవాడు జోరెస్ మెద్వెదెవ్ అనే సోవియట్ జీవశాస్త్రవేత్త. యాకూతియాకు చెందిన ఒక ‘130 ఏళ్ళ’ వృద్ధుడి ఫొటో పత్రికలో పడితే, అతణ్ణి ఎరిగినవాళ్ళు గుర్తుపట్టి ఉత్తరం రాశారట. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యం నుంచి పారిపోయి, దొరకకుండా ఉండేందుకు తండ్రి కాగితాలతో బతికిన మనిషి అతను. అసలు వయసు 78. అజర్‌బైజాన్ ఉన్న కాకసస్ ప్రాంతమే స్టాలిన్‌ది కూడా కాబట్టి అక్కడివాళ్ళు చిరంజీవులన్న మాట పైవాళ్ళకు రుచించిందనీ మెద్వెదెవ్ రాశాడు.

ఈక్వడార్‌లోని విల్కబాంబ లోయవాళ్ళ దీర్ఘాయువు కథ ఇంకా పేరుమోసింది. 1970లలో రిచర్డ్ మేజెస్, సిల్వియా ఫోర్మన్ అనే పరిశోధకులు ఆ లోయకు వెళ్ళి బాప్టిజం పుస్తకాలు తిరగేశారు. వందేళ్ళు నిండినవాళ్ళు ఒక్కరూ లేరు. ఊళ్ళోకెల్లా పెద్దవయసు 96. చిన్న ఊరు, తిప్పితిప్పి అవే పేర్లు. ఎప్పుడో పుట్టిన ఇంకొకరి రికార్డు ఇప్పటి మనిషిదైపోయేది. డెబ్బై దాటగానే జనం వయసు పెంచి చెప్పడం మొదలుపెట్టేవారు. ముసలివాళ్ళకు గౌరవం ఎక్కువ, తర్వాత టూరిస్టులు కూడా వచ్చారు.

మన ఊళ్ళలో మోసం లేకుండానే లెక్క తప్పుతుంది. ‘గాలివాన వచ్చిన ఏడు’, ‘రజాకార్ల గొడవప్పుడు’ అని గుర్తులు చెబుతారు. మన దేశమంతటా జనన మరణాల నమోదును తప్పనిసరి చేసిన చట్టం వచ్చిందే 1969లో. తేదీ తెలియనివాళ్ళ ఆధార్‌లో జనవరి 1 పడుతుంది. ఇక్కడ 90 ఏళ్ళ అవ్వ వయసు ముందుకో వెనక్కో పదేళ్ళు జరగడం సులువు.

కాగితాలు పక్కాగా ఉన్న దేశమూ తప్పించుకోలేదు. 2010లో టోక్యోలో 111 ఏళ్ళ వృద్ధుణ్ణి అభినందించడానికి అధికారులు వెళితే, సుమారు ముప్పై ఏళ్ళ క్రితమే చనిపోయిన ఆయన శవం ఇంట్లోనే ఎండిపోయి దొరికింది. కుటుంబం ఆయన పేరిట పింఛను తీసుకుంటూనే ఉంది. ఆ తర్వాత కుటుంబ రిజిస్టర్లు వెతికితే, వందేళ్ళు దాటి ‘బతికున్న’ 2,30,000 మందికి పైగా ఆచూకీ లేదు.

అపోహ: స్వాతంత్ర్యం నాటికి మనవాళ్ళు 32 ఏళ్ళకే పోయేవారు

ఆ రోజుల్లో సగటు ఆయుర్దాయం సుమారు 32 అన్నది నిజమే. సగటును కిందికి లాగింది పసిపిల్లల చావులు. పురిట్లో, మశూచికి, కలరాకు ఎందరో పిల్లలు పోయేవారు. తొలి ఐదేళ్ళ గండం దాటితే అరవై, డెబ్బై చూసినవాళ్ళు చాలామందే ఉండేవారు.

అపోహ: ఫలానా తెగ ప్రపంచంలోకెల్లా పురాతన జాతి

దక్షిణాఫ్రికా సాన్ ప్రజలను, ఆస్ట్రేలియా ఆదివాసులను, మన నల్లమల చెంచులను కూడా ఇలా అంటుంటారు. ఇది నాకు అన్నిటికంటే బాధ కలిగించే అపోహ. పొగుడుతున్నట్టే ఉంటుంది కానీ, వాళ్ళను కాలంలో వెనకబడ్డవాళ్ళుగా నిలబెడుతుంది. సాన్ ప్రజల పూర్వీకుల శాఖ మిగతా మానవుల నుంచి చాలా ముందు విడిపోయింది, వాళ్ళ జన్యువుల్లో వైవిధ్యమూ ఎక్కువే. అయితే విడిపోయినప్పుడు రెండు శాఖలకూ అదే వయసు. హైదరాబాదులో కూర్చున్న మన వంశమూ ఆఫ్రికాలో అంతే వెనక్కి వెళుతుంది. చెంచులు మాట్లాడేది తెలుగే, బతుకుతున్నది ఈ శతాబ్దంలోనే.

ఒకచోట మనిషి ఆనవాళ్ళు ఎంత పాతవో చెప్పడం వేరు. నంద్యాల జిల్లా జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో నేలను తవ్వితే తెల్లటి బూడిద పొర కనిపిస్తుంది. సుమారు 74,000 ఏళ్ళ క్రితం సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరి వచ్చిన బూడిద అది. దాని కింద రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. ఆ పొరల్లో మనిషి ఎముక మాత్రం ఒక్కటీ దొరకలేదు. అందుకే ఆ రాళ్ళను చెక్కింది మనలాంటి మనుషులేనా, అంతకుముందున్న వేరే మానవ జాతా అన్నది పరిశోధకుల మధ్య ఇంకా వాదనలోనే ఉంది.