పాలు తాగిన పట్టు

సోమవారం రాత్రి ఎడిటర్ గారి ఫోను. "సెలవుల్లో ఊళ్లు చూడ్డానికి పోయినవాళ్లు గుడి చూసి, ఫొటో దిగి ఊరుకోవడం లేదు. రెండ్రోజులు ఆగి ఏదో ఒక పని నేర్చుకొస్తున్నారు. మీరూ వెళ్లండి. పట్టు మీద బొమ్మలేయడం. బొమ్మ రాకపోయినా ఫర్వాలేదు, కథ రావాలి. వచ్చే బుధవారం సాయంత్రానికి కాపీ." నా చేతి సంగతి ఆయనకు తెలీదు. ఏడో తరగతిలో జిల్లా పటం గీయమంటే, మా కమలాపురం దగ్గరే పెన్నలో కలవాల్సిన పాపాఘ్నిని కలపడం మరిచి కర్నూలు దాకా లాక్కుపోయిన చెయ్యి ఇది.

పట్టు మీద బొమ్మలని ఫోన్లో వెతికితే అన్నీ విదేశీ తరగతులు. చట్రానికి తెల్ల పట్టు బిగిస్తారు. గట్టా అనే జిగురుతో గీతలు గీస్తారు. మధ్యలో కుంచెతో రంగు ముట్టిస్తే అది తనంతట తానే పాకి గీత దగ్గర ఆగుతుంది. తడి మీద ఉప్పు చల్లితే రంగు ఉప్పురాళ్ల చుట్టూ చుక్కలు చుక్కలుగా విరుగుతుంది. గంటలో పువ్వు తయారు. బాగానే ఉంది. మనకు దగ్గర్లో అలాంటిది ఏదని ఆలోచిస్తే శ్రీకాళహస్తిలో గుడ్డ మీద కలంతో బొమ్మలేసే కలంకారీ తట్టింది. కలంకారీ అలాంటిది కాదని అక్కడికి పోయాకే తెలిసింది.

తెల్లవారుజామున మా స్టేషన్లో బండెక్కాను. కడప, నందలూరు, రాజంపేట, కోడూరు. రేణిగుంటలో దిగి ఇంకో బండి. ఎవరికైనా ఈ దారిలో కిటికీ పక్క సీటు దొరికితే కోడూరు తోటలు చూడాలి. నేను చూడలేదు. పుదుచ్చేరిలో ఉండే మిత్రుడొకరు ముందు రోజు రాత్రి ఫోనుకు ఒక ఉత్తరం పంపారు. 1742 జనవరిలో రాసిందట. దాంట్లో తల దూరిస్తే రేణిగుంట దాకా పైకి లేవలేదు. దాని సంగతి కాసేపాగి చెబుతాను.

"అట్ల నొక్కబాకండి సార్"

శ్రీకాళహస్తి తరగతిలో నేర్పే ఆమెను నేను అక్కా అన్నాను, ఆమె నన్ను సార్ అంది. "యా ఊరు సార్ మీది?" "కమలాపురం." "కడప పక్కనా? అయితే మీ ఊరి బండ మీదే కూచున్నారు." నిజమే, అరుగు మీద పరిచింది నల్లటి కడప బండ. నాతోబాటు ఇంకో నలుగురు. ఇద్దరు బెంగళూరు నుంచి, ఒకరు చెన్నై నుంచి, తిరుపతిలో దర్శనం చేసుకుని వచ్చిన ఒకాయన. ఆయన కొండ మీద క్యూలో నిలబడిన గంటలకంటే ఇక్కడ గీత గీయడానికి ఎక్కువ ఓపిక పట్టాల్సొచ్చిందని రెండో రోజు ఒప్పుకున్నారు.

ముందు కలం. వెదురు పుల్ల, మొన చెక్కింది. మొనకు బెత్తెడు పైన ఉన్ని చుట్టి, దారంతో ఉండలా కట్టారు. ఆ ఉండను ద్రవంలో ముంచాలి, వేళ్లతో మెల్లగా వత్తితే రసం పుల్ల మీదుగా మొనకు దిగుతుంది. సిరా సీసా, పాళీ రెండూ ఒకటే వస్తువు. నేను వత్తగానే దిగింది, ఒక్కసారే. అర మీటరు పట్టు మీద నా మొదటి గీత గీత కాదు, చెరువు.

"అట్ల గట్టిగా నొక్కబాకండి సార్. పసిపిల్లకి పాలు పట్టినట్ట పట్టండి."

పాలమాట ఊరికే రాలేదు. మా చేతికిచ్చిన పట్టు అప్పటికే పాలు తాగింది. కరక్కాయ పొడి కలిపిన పాలలో ముంచి, పిండి, ఎండలో ఆరబెట్టి ఇచ్చారు. లేత పసుపు రంగు, ముక్కు దగ్గర పెట్టుకుంటే విరిగిన పాల వాసన. పాలలో ఉన్న కొవ్వు రసాన్ని పాకనివ్వదు. విదేశీ తరగతిలో గట్టా జిగురు చేసే పని ఇక్కడ బర్రె చేసిపెడుతోంది. తేడా ఏమిటంటే అక్కడ గీత గట్టు, రంగు నీళ్లు. ఇక్కడ గట్టు గుడ్డ నిండా ఉంది, అయినా చేతిలో అదుపు లేకపోతే ఏ పాలూ కాపాడవు. నా చెరువే సాక్ష్యం.

నలుపు గీతకు వాడే రసం పేరు కసిం. అది పెట్టిన కుండలోకి తొంగి చూస్తే తుప్పు నీళ్లు. పాత ఇనప ముక్కలు, బెల్లం, తాటిబెల్లం, నీళ్లు. ఇరవై రోజుల పైచిలుకు పులిసింది. పులుపుకు ఇనుము కరిగి రసంలోకి దిగుతుంది. ఆ తుప్పు నీళ్లు గుడ్డకు తగలగానే ఒక క్షణం ఏమీ జరగదు. తర్వాత కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి కళ్ల ముందే నల్లబడతాయి. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరిచాను. చెన్నై నుంచి వచ్చిన అమ్మాయి వీడియో తీసి, మళ్లీ గీయమని అడిగి, మళ్లీ తీసింది.

ఉత్తరం

రాసినవాడు గాస్టన్ లారెంట్ కూర్దూ. ఫ్రాన్సులో 1691లో పుట్టి 1732లో మన దేశానికి వచ్చిన జెసూట్ ఫాదరీ. తెలుగు నేర్చినవాడు. తెలుగు, సంస్కృతం, ఫ్రెంచి కలిసిన నిఘంటువు ఒకటి ఆయన పేరు మీద ఉంది. పారిస్‌లో ఉన్న దు హాల్ద్ అనే ఇంకో ఫాదరీకి ఆయన ఈ ఉత్తరంలో దేవుడి గురించి కాదు, గుడ్డల గురించి రాశాడు. తన దగ్గర మతం పుచ్చుకున్న వాళ్లలో గుడ్డల మీద బొమ్మలేసేవాళ్లున్నారు. వాళ్లను కూర్చోబెట్టి అడిగాడు. ఒకరు చెప్పింది ఇంకొకరితో సరిచూశాడు. పోలీసు వాంగ్మూలం లాగా ఉంటుంది.

చదువుతుంటే నా ముందున్న అరుగే కనిపించింది. కరక్కాయను పేరు పెట్టి రాశాడు. దాన్ని నూరి పాలలో కలపాలన్నాడు. ఏ పాలు? ఆవు పాలు పనికిరావు, బర్రె పాలే కావాలి, అవి చిక్కన గనక. కాగితం మీద సిరా పాకకుండా జిగురు ఏం చేస్తుందో గుడ్డకు ఈ పాలు అదే చేస్తాయని వివరించాడు. రెండు వందల ఎనభై ఏళ్ల తర్వాత అక్క నాకు చెప్పింది అక్షరాలా ఇదే. ఆమె ఈ ఉత్తరం చూడలేదు. చూపిస్తే, ఇంగ్లీషు అక్షరాల మీదుగా చూపు జరిపి, "బర్రెపాలని రాసినాడా? అయితే ఎవరో తెలిసినోళ్లే చెప్పినారు" అంది.

కలం గురించీ రాశాడు, వెదురు పుల్ల, దానికి చుట్టిన ఉండ, వేళ్లతో నొక్కడం. నలుపుకు ఇనుము, ఎరుపుకు పటిక, చిరువేరు. ఎరుపు అన్ని నీళ్లకూ రాదని, కొన్ని బావుల నీళ్లే దానికి పనికొస్తాయని అద్దకం వాళ్లు చెప్పిన మాటను పట్టించుకుని రాశాడు. నీలం దగ్గర మాత్రం బొమ్మ వేసేవాడి పని ఆగిపోతుంది. నీలం అక్కర్లేని చోటల్లా మైనం పూసి, గుడ్డను నీలిమందు తొట్ల వాళ్లకు అప్పజెప్పాలి. అది వేరే కులవృత్తి, వేరే ఇల్లు.

ఇది కళాభిమానమా, గూఢచర్యమా? నా ఓటు రెండోదానికి. ఎందుకంటే అప్పటికి ఫ్రాన్సులో మన రంగుల గుడ్డల మీద నిషేధం ఉంది. 1686లో పెట్టారు, 1759లో గాని ఎత్తలేదు. అక్కడి నేతగాళ్లకు మన గుడ్డంటే భయం. గుడ్డ రాకూడదు, కిటుకు మాత్రం రావాలి. ఫాదరీ కంటే ఎనిమిదేళ్ల ముందే, 1734 ప్రాంతంలో, బోల్యూ అనే ఫ్రెంచి నౌకాదళం ఉద్యోగి పుదుచ్చేరిలో ఇంకా తెలివైన పని చేశాడు. ఒక్కో దశ ముగియగానే గుడ్డలోంచి ఒక ముక్క కత్తిరించి, తన రాతప్రతికి అంటించుకున్నాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్‌లో భద్రంగా ఉన్నాయి.

అయినా కూర్దూ మీద కోపం నిలవదు. ఇదే మనిషి 1767లో పారిస్ పండితులకు ఇంకో ఉత్తరం రాస్తూ, సంస్కృతంలో లాటిన్, గ్రీకు మాటల్లాంటివి ఇన్ని ఎందుకున్నాయని అడిగాడు. బ్రిటిషు పండితుడు విలియం జోన్స్ 1786లో అదే మాట చెప్పి పేరు తెచ్చుకున్నాడు. కూర్దూ ఉత్తరం 1808లో గాని అచ్చు కాలేదు. అప్పటికి ఆయన పోయి ఇరవై తొమ్మిదేళ్లు. గుడ్డల ఉత్తరానికి ఉన్న తొందర భాషల ఉత్తరానికి లేకపోయింది.

చరిత్ర, గబగబా

ఎడిటర్ గారు చరిత్ర కూడా కావాలన్నారు గనక: కలం, కారీ రెండూ పారశీకం నుంచి వచ్చాయి. తెలుగులో పాత పేరు వ్రాతపని. మచిలీపట్నం వాళ్లు చెక్క అచ్చులతో అద్దితే, శ్రీకాళహస్తి వాళ్లు కలంతో రాశారు, గుళ్లకు రామాయణ భారతాల తెరలు. గిరాకీ పోయి పని దాదాపు ఆగిపోయే దశలో, 1950ల చివర్లో, కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వచ్చింది. జొన్నలగడ్డ గురప్పశెట్టికి 2008లో పద్మశ్రీ ఇచ్చారు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపూ ఉంది. చాలు.

పట్టెందుకు?

ఇక్కడ నాకొక అనుమానం పట్టుకుంది. ఉత్తరం నిండా ఉన్నది నూలు గుడ్డ. పట్టు మాటే లేదు. పట్టు పురుగు గూటి నుంచి వచ్చిన పీచు, రంగును ఇట్టే పట్టేస్తుంది. నూలు మొక్క పీచు, మొండిది. రంగు నిలవాలంటే పటికతోనో కరక్కాయతోనో రాయబారం నడపాలి. ఈ విద్యంతా ఆ మొండితనాన్ని లొంగదీసుకోవడానికి పుట్టింది. చెప్పిన మాట వినే పట్టు మీద ఇంత తతంగం దేనికి? పైగా ఇనుముతో వచ్చే నలుపు పీచును మెల్లగా తినేస్తుంది. మ్యూజియంలలోని పాత గుడ్డల్లో ముందు చివికేది నల్ల గీతలే. నూలు కొంత ఓర్చుకుంటుంది. పల్చటి పట్టు ఎన్నేళ్లు ఓర్చుకుంటుంది?

అక్క దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "గుడ్డ మీద రాసిన రాముడు గోడకెక్కతాడు సార్. పట్టు మీద రాస్తే పెండ్లికి పోతాడు. గోడలకి ఎవరు కొంటా ఉండారు?"

దీనికి ఎదురు చెప్పలేకపోయాను. అయినా రెండో రోజు మధ్యాహ్నం ఒక గాడా (ముతక నూలు) గుడ్డ పేలిక అడిగి తీసుకుని, అదే కలంతో అదే తామరపువ్వు గీశాను. పట్టు మీద గీత జారుతుంది, మెరుపు తప్పును కొంత కప్పేస్తుంది. నూలు మీద మొన గరగరమంటుంది, వణికిన చోట వణికినట్టే చూపిస్తుంది. నాకు నూలే నచ్చింది. ముఖచిత్రానికి మాత్రం పట్టే బాగుంటుందని మా పత్రిక ఫొటోగ్రాఫర్ తేల్చేశారు.

బాక్సు: లండన్‌లో "కర్పా"

శ్రీకాళహస్తిలో నీలం డబ్బా ఎదురైనప్పుడు కడప జిల్లావాడు ఒక నిమిషం ఆగాలి. పందొమ్మిదో శతాబ్దంలో మా జిల్లా నీలిమందుకు పెట్టింది పేరు. లండన్ వేలంపాటల్లో ఆ సరుకును "కర్పా" అనేవాళ్లు, కడప మాట వాళ్ల నోట పడి అలా అయింది. 1897లో జర్మనీలో బిఎఎస్ఎఫ్ కంపెనీ కృత్రిమ నీలిని మార్కెట్లోకి దింపింది. తర్వాత మన తొట్లు ఎండిపోయాయి.

బాక్సు: కొనేముందు

దుకాణాల్లో "కలంకారీ" అని అమ్మేవాటిలో మిషను మీద అచ్చేసినవి చాలా ఉంటాయి. గుడ్డను తిప్పి చూడండి. వెనకవైపు తెల్లగా ఉంటే అనుమానించండి. ఒకే పువ్వు రెండుచోట్ల వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంటే అది చెయ్యి కాదు. కొత్త గుడ్డకు పాల వాసనుంటే ఎక్కువ ధర పెట్టొచ్చు. పట్టు చీరల మీద రసాయన రంగులు వాడటమూ మామూలే. అడిగితే చాలామంది దాచకుండా చెబుతారు.

ఊరి పేరు

కాళహస్తి పాత తెరల్లో బొమ్మ కింద కథ రాసి ఉంటుంది, తెలుగులో, అదే కలంతో. ఈ పనికి వ్రాతపని అని పేరు ఊరికే రాలేదనిపించింది. బొమ్మ ఎటూ రాదు, కనీసం అక్షరాలైనా రాద్దామని నా పట్టు ముక్క అడుగున ఊరి పేరు మొదలుపెట్టాను. క తలకట్టు దగ్గరే రసం అయిపోయింది. మళ్లీ ముంచి మ కొమ్ము లాగేసరికి ఎక్కువైంది. లా, పు గండం గడిచాయి. ర గుండ్రంగా వచ్చిందని సంతోషపడే లోపు చివరి సున్న బొట్టంత అయి కూర్చుంది. "అక్షరం బొమ్మకంటే కష్టం సార్. బొమ్మలో తప్పును ఆకు చేసేయొచ్చు. అక్షరాన్ని ఏం చేస్తారు?" అంది అక్క. సున్న చుట్టూ నాలుగు రేకలు గీసి దాన్నే పువ్వు చేసింది. ఇప్పుడది "కమలాపుర", పక్కన ఒక కమలం.

ఆఖరున ఉతుకు. పారే నీళ్లుండాలి. నిలవ నీళ్లలో ముంచితే గుడ్డ వదిలిన నలుపు పక్కన తెల్లచోట అంటుకుంటుంది. స్వర్ణముఖి ఊరి పక్కనే. నేను పోయిన రోజున ఇసక మాత్రమే ఉంది. బోరు పైపు పెట్టిన తొట్టిలో ఉతికాం. మా పాపాఘ్నిదీ ఇదే తంతు. ఏళ్ల తరబడి ఇసక, 2021 నవంబరులో ఒక్కసారి వచ్చి కమలాపురం వంతెనను కూల్చిపోయింది. నదులు ఇలా ఉంటే ఈ పని రేపు ఎక్కడ ఉతుకుతారో అడిగాను. "బోరు ఉన్నన్నాళ్లు బోరు" అంది.

రెండు రోజుల తరగతి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. పాలు పట్టిన గుడ్డ, పులిసిన కసిం, చెక్కిన కలం, అన్నీ సిద్ధంగా మన ముందుకు వస్తాయి. మనం గీసేది చివరి పది నిమిషాల పని. ఇరవై రోజుల పులుపు మనం చూడం. అందుకే శనివారం ఇల్లు చేరగానే కొలిమి దగ్గరికి పోయి గుప్పెడు ఇనప ముక్కలు అడిగి తెచ్చాను. బెల్లం, తాటిబెల్లం, నీళ్లు పోసి కుండ పెరట్లో పెట్టాను. ఇవాళ బుధవారం, ఐదో రోజు. నురగ ఇప్పుడిప్పుడే లేస్తోంది. కాపీ ఇవ్వాల్సింది సాయంత్రం.