సెంటు పూసుకొని గుడికి రావచ్చునా?

(చదువుటకు: యోహాను 12:1-8, మత్తయి 6:16-18, 1 పేతురు 3:3-4)



"అయ్యగారూ, సెంటు పూసుకొని గుడికి రావచ్చునా?" అని యౌవనస్థుల కూటములో ఒక పిల్లవాడు అడిగాడు. పక్కనున్నవారు నవ్వారు. నేనూ నవ్వి, "రావచ్చు నాయనా, కొంచెముగా పూసుకో" అని చెప్పి ఊరుకున్నాను. ఆ తరువాత జరిగిన రెండు సంగతులు అది నవ్వి ఊరుకోదగిన ప్రశ్న కాదని నాకు నేర్పినవి.

మొదటిది జమ్మలమడుగు ప్రాంతములోని ఒక పల్లె సంఘములో జరిగినది. అది ప్రభు బల్ల ఇచ్చు ఆదివారము. నాకు ఎవరో బహుమానముగా ఇచ్చిన సెంటును ఆ ఉదయము చొక్కా మీద ధారాళముగా కొట్టుకొని వెళ్ళాను. వరుసగా మోకరించినవారికి రొట్టె ఇస్తూ వస్తుండగా, ఉబ్బసమున్న ఒక పెద్దాయనకు దగ్గుతెర వచ్చింది. ఆయన పాత్ర అందుకోకుండానే లేచి, బయట వేపచెట్టు క్రిందికి వెళ్ళిపోయాడు. ఆరాధన ముగిసిన తరువాత వెళ్ళి పలుకరిస్తే, "ఏమీ లేదయ్యా, మీ మీదినుంచి వచ్చిన ఘాటు నాకు పడలేదు" అన్నాడు. ఆ మాట నా గుండెలో గుచ్చుకున్నది. ఒక విశ్వాసిని ప్రభు బల్లకు దూరము చేసినది నా సెంటు! సాయంకాలము చొక్కా మార్చుకొని, ఆయన ఇంటికి వెళ్ళి ప్రభు బల్ల ఇచ్చి వచ్చాను.

రెండవది పులివెందుల వైపు ఒక గృహ ప్రార్థనలో జరిగినది. చీనీతోటలో కాయలు కోసే పనికి వెళ్ళి, అటునుంచి అటే వచ్చిన ఒక సహోదరి గడప దగ్గరే కూర్చున్నది. లోపలికి రమ్మని పిలిస్తే, "వద్దులే అయ్యగారూ, వొళ్ళంతా చెమట. లోపల అందరూ పౌడరూ సెంటూ పూసుకొని వచ్చినారు. నేను ఈడనే కూచ్చుంటా" అన్నది. ఏమి చెప్పాలో నాకు తోచలేదు. ఇంతలో నా భార్య లేచి వెళ్ళి ఆమె పక్కన గడప దగ్గర కూర్చున్నది. ఆ సాయంత్రము నేను చేసిన ప్రసంగము కంటె అదే మేలైన ప్రసంగము.

సెంటు ఎక్కువై ఒకరు బయటికి వెళ్ళారు. సెంటు లేదని మరొకరు బయటే ఆగిపోయారు. కావున మన ఒంటి శుభ్రమును గూర్చి, సువాసనలను గూర్చి క్రైస్తవ కుటుంబములు కొంచెము ఆలోచించుట మంచిది.

మరువకూడని చరిత్ర

లండను మిషను వారు 1822లో కడపలో పరిచర్య ప్రారంభించారు. ఆ శతాబ్దపు మధ్యకాలము నుండి మన పల్లెలలో అనేక కుటుంబములు ప్రభువును అంగీకరించినవి. వారిలో ఎక్కువమంది అంటరానివారని ఊరి వెలుపల ఉంచబడినవారు. ఊరిబావిలో చేదవేయనివ్వకుండా, మంచినీళ్ళు తోడుకోనివ్వకుండా, వారినే మురికివారని పిలిచారు. అట్టి దినములలో మిషను బడులు, జమ్మలమడుగులో డాక్టరు కాంప్‌బెల్ పేరు మీద వెలసిన ఆసుపత్రి వంటి స్థలములు మన పెద్దలకు శుభ్రతను ప్రేమతో నేర్పినవి.

వాసన పేరు చెప్పి మనిషిని దూరముగా నిలబెట్టడము ఎంత బాధాకరమో మన వంశములకు తెలిసినంతగా మరెవరికి తెలుసు? ఆ గోడను మనమే మన మందిరములలో మరల కట్టరాదు.

బైబిలు ఏమి చెప్పుచున్నది?

సువాసనను బైబిలు నిషేధించలేదు. తైలము, అత్తరు హృదయమును సంతోషపెట్టునని సామెతలు 27:9 అంగీకరిస్తున్నది. ఉపవాసము చేయువాడు సైతము ముఖము కడుగుకొని తలకు నూనె రాచుకోవలెనని ప్రభువు బోధించాడు (మత్తయి 6:17). చెదిరిన తల, కడగని ముఖము భక్తికి గురుతులు కావు.

బేతనియలో మరియ తెచ్చిన అత్తరును చూడండి. మన తెలుగు బైబిలులో దాని పేరు జటామాంసి. ఇది హిమాలయ పర్వతములలోని ఎత్తైన చల్లని ప్రదేశములలో పెరిగే మొక్క వేరునుండి తీసినది. మన మూలికల అంగళ్ళలో తలనూనె కాచుటకు అమ్మే జటామాంసి ఇదే. మరియ తెచ్చినది సుమారు 325 గ్రాములు. దాని వెల 300 దేనారములు. కూలివానికి దినమునకు ఒక దేనారము ఇచ్చే ఆ కాలములో (మత్తయి 20:2) అది దాదాపు ఒక సంవత్సరపు కూలి. అంత విలువైన దానిని ఆమె తన ఒంటికి పూసుకొనక ప్రభువు పాదములకు పూసినది. ఇల్లంతా ఆ సువాసనతో నిండినది. గడప దగ్గర ఉన్నవారికి, లోపల కూర్చున్నవారికి, చివరకు సణిగిన యూదాకు సహా అది సమానముగా అందినది. సువాసన మనుష్యులను దగ్గరకు చేర్చవలెను. మనము కొనే ప్రతి సీసాకు ఇదే పరీక్ష.

ఇంటికి ఏవి చాలును?

నేడు ఒక్కొక్క ఇంట్లో స్నానాల గది గూటినిండా సీసాలే. మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి, ముఖానికొకటి, కాళ్ళకొకటి. రెండు రూపాయల షాంపూ ప్యాకెట్టు చిన్న ఖర్చే అనిపిస్తుంది. నలుగురున్న ఇంట్లో వారానికి రెండుసార్లు వాడితే వారానికి 16 రూపాయలు, సంవత్సరానికి 832 రూపాయలు. పిల్లల నోటు పుస్తకాల ఖర్చుతో పోల్చి చూసుకోండి. సామాన్య కుటుంబమునకు ఈ క్రిందివి చాలును.

1. ఒక మంచి స్నానపు సబ్బు. సబ్బు కాగితము మీద టి.ఎఫ్.ఎం. అని ఒక అంకె ఉంటుంది. అది సబ్బులోని కొవ్వు పదార్థము ఎంత శాతమో తెలుపుతుంది. 76 శాతము, ఆపైన ఉన్నది మొదటి రకము. కొనేటప్పుడు బొమ్మను గాక ఆ అంకెను చూడండి.

2. తలకు కుంకుడుకాయ, సీకాయ, లేదా ఒక్కటే షాంపూ. మన పల్లెలలో చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. ఆ నీటిలోని సున్నపు లవణములతో సబ్బు కలిసి తెల్లని తెట్టు కట్టును గాని నురుగు సరిగా రాదు. అందుచేత తలకు సబ్బు పనికిరాదు. కుంకుడుకాయకు, షాంపూకు ఈ చిక్కు లేదు. కుంకుడు రసము కళ్ళలో పడకుండా చూసుకోండి.

3. కొబ్బరినూనె. తలకు, పగిలిన చర్మమునకు, పొడిబారిన కాళ్ళకు ఇదొక్కటే సరిపోతుంది.

4. ఒంటికి పెసరపిండి లేక శనగపిండి. ముఖమునకు వేరే సీసా అక్కరలేదు.

చెమటను గూర్చి ఒక మాట. అప్పుడే పట్టిన చెమటకు దాదాపు వాసన ఉండదు. చర్మము మీది సూక్ష్మజీవులు దానిని కుళ్ళబెట్టినప్పుడే వాసన పుట్టును. గనుక చంకలు శుభ్రముగా కడుగుకొని, తుడుచుకొని, ఉతికి ఎండలో ఆరవేసిన బట్టలు కట్టుకొనుటయే మొదటి మందు. పటిక ముక్కను తడిపి చంకలో రాచుకొనుట మన పెద్దలు ఎరిగినదే. కడగని ఒంటి మీద సెంటు కొడితే రెండు వాసనలు కలిసి మరింత చెడును.

సెంటు ఎంచుకొనేటప్పుడు

పెళ్ళి బట్టలకు, బంగారమునకు మన చుట్టుపక్కల ఊళ్ళవారు ప్రొద్దుటూరు బజారుకే వెళ్తారు. ఆ సందడిలో సెంటు సీసా కూడా చూడకుండా కొనేస్తారు. అంగడిలో మూత తీసి వాసన చూడగానే నిర్ణయించవద్దు. మొదట వచ్చే ఘాటు కొద్ది నిమిషములలో పోవును. మణికట్టు మీద ఒక్క చుక్క వేసుకొని, మిగిలిన పనులు చూసుకొని, అరగంట తరువాత వాసన చూడండి. చర్మము మీద దురద, ఎరుపు వచ్చినా, తలనొప్పి వచ్చినా అది మీకు పడదని అర్థము.

మన ఎండలలో ఏ సెంటైనా ఘాటెక్కును. మల్లె, గంధము, వట్టివేరు వంటి మెత్తని వాసనలలో ఒక్కటి చాలును. చేయి చాచినంత దూరములో ఉన్నవారికి మీ సెంటు తెలియకపోతే అది సరియైన కొలత. ఉబ్బసమున్నవారి పక్కన, పసిబిడ్డలను ఎత్తుకొనేటప్పుడు, ఆసుపత్రిలో రోగులను చూడబోయేటప్పుడు అసలే వద్దు. పసిబిడ్డల ముఖము మీద పౌడరు చల్లవద్దు. అది ఊపిరితిత్తులలోనికి పోవును. స్ప్రే డబ్బాలకు నిప్పు అంటుకొనును గనుక పొయ్యి దగ్గర, దీపము దగ్గర వాడరాదు.

ఆడపిల్లల తల్లులకు ఒక మాట

సంబంధము చూడవస్తున్నారనగానే కొందరు తల్లులు బిడ్డకు తెల్లబడే క్రీములు కొని పూస్తున్నారు. అట్టివాటిలో కొన్నింటిలో స్టిరాయిడ్ మందు ఉండును. డాక్టరు చెప్పకుండా నెలల తరబడి పూస్తే చర్మము పలుచబడి, ఎర్రబడి, మొటిమలు లేచి, ఉన్న అందము కూడా పోవును. అందుకే 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 14 రకాల స్టిరాయిడ్ లేపనములను డాక్టరు చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చినది. దేశమంతట పేరుపొందిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' క్రీము సైతము 2020లో తన పేరులోనుండి 'ఫెయిర్' అను మాటను తీసివేసినది.

పరమగీతము మొదటి అధ్యాయములోని కన్యకను జ్ఞాపకము చేసుకోండి. ద్రాక్షతోటలకు కావలి ఉండి ఎండకు నల్లబడినానని చెప్పుచునే, తాను సౌందర్యవతినని సిగ్గుపడక చెప్పుకొన్నది (1:5-6). చీనీతోటలో, పత్తిచేనులో ఎండకు నల్లబడిన మన బిడ్డ కూడా దేవుని చేతిపనియే. ఈ మాట ఆమె మొదట తన తల్లి నోటినుండి వినవలెను.

గడప దగ్గర ఎవరున్నారు?

ఆ యౌవనస్థుడు అడిగిన ప్రశ్నకు ఇప్పుడు నా జవాబు ఇది: రావచ్చును. స్నానము చేసి రా, ఉతికిన బట్టలు కట్టుకొని రా, కావలెనంటే ఒక చుక్క సెంటు పూసుకొని రా. అయితే కూర్చొనే ముందు గడప వైపు ఒకసారి చూడు. పనినుంచి నేరుగా వచ్చి అక్కడ ఆగిపోయినవారు ఎవరైనా ఉంటే, లేచి వెళ్ళి వారిని నీ పక్కకు తీసుకొని రా. స్నానము చేయుటకు సమయము లేకపోయినా ప్రార్థనకు సమయము దొరికించుకొన్నవారు వారు. వారి చెమట వాసన మనకు తప్పుగా తోచరాదు.

ఆ రాత్రి గృహ ప్రార్థన ముగిసేసరికి గడప దగ్గర నలుగురు స్త్రీలు కూర్చొని ఉన్నారు. నా భార్య తరువాత ఒకరొకరుగా లేచి అక్కడికి చేరారు. మేము క్రీస్తు సువాసనయై ఉన్నామని అపొస్తలుడైన పౌలు వ్రాసిన మాట (2 కొరింథీ 2:15) ఆ రాత్రి నాకు అర్థమైనది.

అట్టి సువాసన మన గృహములలోను, మన సంఘములలోను నిండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.