స్పిట్‌ఫైరు తొమ్మిదవ రకము

ఆకసమున విమానపు మ్రోత వినబడినంతనే పిల్లలు వాకిటికి పరుగిడుదురు. అంత ఎత్తున ఎట్లెగురునని అడుగుదురు. ఆ ప్రశ్నకు చక్కని జవాబొకటి రెండవ ప్రపంచయుద్ధమునాటి ఆంగ్లేయుల స్పిట్‌ఫైరు విమానచరిత్రలో గలదని తలంచి, తలిదండ్రుల ముందుంచుచున్నాము.

స్పిట్‌ఫైరును రూపొందించినవాడు మిచెల్. అది 1936 మార్చి 5న తొలిసారి ఎగిరెను. మరుసటి యేడే ఆయన మరణింపగా జోసెఫ్ స్మిత్ ఆ పనిని చేపట్టెను. 1941లో దాని ఐదవ రకము వాడుకలో నుండగా, ఫ్రాన్సు తీరముపై జర్మనుల ఫోకె-వుల్ఫ్ 190 ప్రత్యక్షమయ్యెను. నాటినుండి ఆంగ్ల వైమానికులకు ప్రాణములు దక్కించుకొనుటయే కష్టమయ్యెను. 1942 జూన్ 23న జర్మను వైమానికుడొకడు దారితప్పి అట్టి విమానమును వేల్సులోని పెంబ్రీ విమానాశ్రయమున దించెను. పరీక్షించి చూడగా, ఎత్తునుబట్టి ఐదవ రకముకంటె గంటకు 20 మొదలు 35 మైళ్ల వరకు అధికవేగము దానికి గలదని తేలెను. చుట్టు తక్కువగా మలుపు తిరుగుటయందు మాత్రమే స్పిట్‌ఫైరుది పైచేయి. మలుపుతో తప్పించుకొనవచ్చును గాని శత్రువును తరిమి పట్టలేము గదా!

అదృష్టవశమున విరుగుడు అప్పటికే తయారగుచుండెను. ఎత్తునకు పోయినకొలది గాలి పలుచనగును. గాలి చాలనిచో పెట్రోలు సరిగా మండదు. మనకువలెనే యంత్రమునకును ఆయాసము కలుగును. అందుచేత గాలిని అదిమి లోనికి పంపు చక్రమొకటి యంత్రమునకు అమర్చుదురు. కమ్మరి కొలిమికి తిత్తి యెట్టిదో దానికిది యట్టిది. రోల్స్‌రాయిస్ సంస్థలో స్టాన్లీ హుకర్ అను గణితజ్ఞుని కృషివలన ఇట్టి చక్రములు రెండు వరుసగా నిలిచినవి. మొదటిది అదిమిన గాలిని రెండవది మరల అదుమును. అయితే అదిమిన గాలి వేడెక్కును. సైకిలుకు గాలికొట్టి పంపు అడుగును తాకిచూచిన పిల్లవానికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. కావున ఆ గాలిని చల్లార్చు పరికరమునుగూడ కూర్చిరి. ఇదియంతయు మొదట వెల్లింగ్టను బాంబరును మిక్కిలి ఎత్తున నడపుటకై తలపెట్టినది. దానిని స్పిట్‌ఫైరులో పెట్టిచూతమను ఆలోచన పిదప కలిగినది. ఈ కథకంతకు కీలకమదియే యని మా అభిప్రాయము.

క్రొత్త యంత్రమునకు తగినట్లు విమానదేహమును తిరిగి తీర్చి ఎనిమిదవ రకమును చేయవలెనని పథకము. దానికి కాలము పట్టును. వైమానికులో, దినదినము కూలుచుండిరి. అందుచే ఐదవ రకపు దేహమునే బలపరచి అందులో క్రొత్త యంత్రమును బిగించిరి. ముక్కు పొడవయ్యెను, ప్రొపెల్లరునకు మూడు రెక్కలకు బదులు నాలుగు వచ్చెను. తాత్కాలికముగా చేసిన ఈ అతుకుపనియే తొమ్మిదవ రకము. 1942 జూలైలో హార్న్‌చర్చినుండి 64వ దళము దీనిని యుద్ధమునకు నడపెను. వేగము గంటకు 400 మైళ్లను మించెను. దూరమునుండి చూచిన శత్రువునకు ఎదుటనున్నది ఐదవదో తొమ్మిదవదో తెలియకపోవుట మరియొక లాభము.

తాత్కాలికమనుకొన్న తొమ్మిదవ రకము 5,600కు పైగా తయారయ్యెను. పథకము ప్రకారము వచ్చిన ఎనిమిదవది 1,650కి కొంచెము పైన మాత్రమే. ఆ ఎనిమిదవ రకము అధికముగా ఇటలీకిని తూర్పుదేశములకును పోయెను. 1944లో బర్మా ఆకాశమున దానిని నడపినవారిలో, హైదరాబాదు పేరు ధరించి నిజాము తలపాగాను చిహ్నముగా గైకొన్న 152వ బ్రిటిషు దళముకూడ నుండెను.