సింకు కింది మర

సావనీరుకు ఏదైనా రాసి పంపమని యూనియన్ మిత్రులు అడిగారు. అమెరికాలో ఉంటున్నాను గనుక నయాగరా జలపాతం గురించో, పై చదువుల గురించో రాస్తానని అనుకొని ఉంటారు. నేను రాయబోయేది వంటింటి సింకు గురించి. నవ్వకండి. మన కాలేజీలో నాలుగేళ్ళు మెకానికల్ చదివి, పాతికేళ్ళు ఉద్యోగం వెలగబెట్టిన నన్ను అది వారం రోజులపాటు కుడితిలో పడ్డ ఎలుకను చేసింది.

కుడితి అంటే గుర్తొచ్చింది. మా ఊళ్ళో కడుగునీళ్ళూ, కూరగాయల తొక్కలూ కుడితి తొట్టిలో పడేవి, అక్కణ్ణించి గేదె కడుపులోకి పోయేవి. ఇక్కడ గేదె లేదు. చాలా ఇళ్ళలో సింకు కింద చిన్న బిందె సైజులో ఒక మర వేలాడుతుంటుంది. పేరు గార్బేజ్ డిస్పోజల్. స్విచ్చి వేస్తే గర్రుమని తిరిగి, పళ్ళెంలో మిగిలినదాన్ని పిండి చేసి, నీటితో కలిపి మురుగు గొట్టంలోకి పంపిస్తుంది. నేనుండేది చికాగో దగ్గర. ఇక్కడికి ఉత్తరంగా, మిచిగన్ సరస్సు ఒడ్డునే ఉన్న రసీన్ అనే ఊళ్ళో జాన్ హామ్స్ అనే ఆర్కిటెక్టు 1927లో దీన్ని తయారుచేశాడు. 1935లో పేటెంటు వచ్చింది, 1938లో కంపెనీ పెట్టాడు.

అందరూ ఇందులో మిక్సీలోలాగా బ్లేళ్ళు ఉంటాయనుకుంటారు. ఉండవు. అడుగున ఒక ఉక్కు పళ్ళెం, దాని మీద అటూ ఇటూ కదిలే రెండు మొద్దు ముక్కలు, చుట్టూ కొబ్బరి తురిమే పీటలాంటి గరుకు వలయం. పళ్ళెం తిరిగినప్పుడు అపకేంద్ర బలానికి తిండి వలయం వైపు విసిరికొట్టుకుంటుంది. ముక్కలు దాన్ని నెడతాయి, వలయం తురుముతుంది. ఫస్టియర్లో లెక్కలు కట్టి మార్కులు తెచ్చుకున్న సూత్రమే! సింకు కింద కనిపిస్తే మాత్రం పోల్చుకోలేకపోయాను.

ఆ ఏడు మా అమ్మ వచ్చింది. ఒక సాయంత్రం మునక్కాయ పులుసు తిన్నాక, నమిలిన పిప్పి అంతా సింకులో వేసి స్విచ్చి నొక్కింది. మర హుమ్మని మూలిగి ఆగిపోయింది. నేను ఆఫీసు చిరాకులో ఉన్నాను. "ఏం వేశావమ్మా అందులో? అడగొచ్చు కదా!" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాటినుంచి గిన్నెలు స్నానాలగదిలో కడగడం మొదలుపెట్టింది.

మూలుగు వినిపించిందంటే కరెంటు అందుతోంది, పళ్ళెం తిరగడం లేదు అని అర్థం. అసలు చప్పుడే లేకపోతే అడుగునున్న ఎర్ర బొత్తాం ఎగిరిందేమో చూడాలి. నేను బ్రేకర్ ఆపి, అడుగున మధ్యలో ఉండే రంధ్రంలో పావు అంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పాను. పటకారుతో తీస్తే పీచు ఉండా, ఒక చింతగింజా వచ్చాయి. ఎర్ర బొత్తాం నొక్కితే మర తిరిగింది. అమ్మ ముఖం విప్పారింది.

రెండు రోజులకే కింద నీళ్ళు కారడం మొదలైంది. "నేనే పాడుచేశాన్రా" అంది. అప్పుడు ఇద్దరం పరీక్ష చేశాం. సింకుకు బిరడా బిగించి పసుపునీళ్ళు నింపాం. ఆ సలహా అమ్మదే! సింకు అంచు దగ్గర కారితే పుట్టీ మార్చి బిగిస్తే చాలు. కారలేదు. బిరడా తీశాం. పక్కనున్న గొట్టం అతుకు దగ్గర కారితే రబ్బరు వాషరు మారిస్తే సరి. అక్కడా లేదు. అడుగున, ఎర్ర బొత్తాం పక్కనుంచి పచ్చటి చుక్కలు రాలాయి. అంటే లోపలి సీలు పోయింది, నీరు మోటారులోకి దిగుతోంది. ఇక మరమ్మతు లేదు, మార్చడమే. విప్పి చూస్తే లోపలంతా పాత తుప్పు. రెండు రోజుల తుప్పు కాదది, ఏళ్ళ తరబడిది. ఇలాంటి మర సాధారణంగా పది పన్నెండేళ్ళు వస్తుంది. మాది అప్పటికే ఆ వయసు దాటింది. "నీ తప్పు కాదమ్మా, నాదే తొందరపాటు" అని అప్పుడైనా చెప్పాను.

ఇక కొత్తది. కొట్లో అన్నిటికంటే పెద్దగా రాసి ఉండేది హార్సుపవరు: మూడోవంతు, అర, ముప్పావు, ఒకటి. అర అంటే 373 వాట్లు. నలుగురున్న ఇంటికి అది చాలు. రోజూ పెద్ద వంటైతే ముప్పావు. దానికన్నా ముఖ్యం, నలిపే భాగాలు స్టెయిన్‌లెస్ స్టీలా, జింకు పూతా అన్నది. మన పులుసులకూ, ఉప్పులకూ పూత ఎన్నాళ్ళు నిలుస్తుంది?

రెండోది బిగింపు. కొన్ని కంపెనీలవి మూడు బోల్టులతో బిగిస్తారు, కొన్నిటివి మెలితిప్పి తగిలిస్తారు. పాతదాని తరహానే కొంటే సింకు అంచు కదపనక్కర్లేదు, పని సగమవుతుంది. మూడోది పొడవు. బలం పెరిగితే మర పొడవూ పెరగవచ్చు. నీళ్ళు వదిలే నోరు గోడలోని మురుగు గొట్టం కంటే కిందికి దిగిందా, నీరు నిలిచి కంపు కొడుతుంది. అందుకని టేపు పెట్టి కొలిచాకే కొట్టుకు వెళ్ళాలి. నాలుగోది, గిన్నెలు కడిగే మిషను నీరు ఇందులోకే వస్తుంటే, పక్కనున్న బిళ్ళను బిగించకముందే కొట్టి తీసెయ్యాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే, మూత పెడితేగాని తిరగని రకం మేలు. నేను అర హార్సుపవరు, స్టీలు లోపలి భాగాలు, పాత బిగింపే ఉన్నది కొన్నాను.

ఏ మర కొన్నా మునక్కాయ పిప్పి, అరటి దూట, కొబ్బరి పీచు వెయ్యకూడదు. పీచు తురుముకు లొంగదు, చుట్టుకుంటుంది. అన్నం ఎక్కువ వేస్తే గొట్టంలో ముద్దకడుతుంది. నెయ్యి, నూనె అసలే వద్దు. తిప్పేటప్పుడు చన్నీళ్ళే వదలాలి. వేణ్ణీళ్ళకు కొవ్వు కరిగి, ముందుకెళ్ళి గొట్టం గోడకు పేరుకుంటుంది.

"మరి ఇది ఇండియాకు పట్టుకెళ్ళనా?" అని అమ్మ అడిగింది. ఇక్కడి మర 120 వోల్టులు, 60 సైకిళ్ళ మీద నడిచేది. మనది 230, 50. అదొక్కటే అడ్డంకి కాదు. మర చెత్తను మాయం చెయ్యదు, మురుగు గొట్టానికి అప్పగిస్తుంది, అంతే. ఆ భయంతోనే న్యూయార్కు నగరం తన పాత మురుగు కాలువలున్న ప్రాంతాల్లో 1997 వరకు వీటిని నిషేధించింది. భూగర్భ డ్రైనేజీ లేని మన ఊళ్ళలో అది వీధి కాలువలోకే చేరుతుంది. మనకు తడిచెత్త విడిగా పెట్టి ఎరువు చేసుకోవడమే మంచిది. 2016 నాటి నిబంధనలూ చెత్తను విడదీయమనే చెప్పాయి.

కొత్త మర బిగించినరోజు మొదటి స్విచ్చి అమ్మచేతే వేయించాను. అమ్మ వేసింది, చప్పుడు విని తలూపింది. ఆ తర్వాత సింకు పక్కన చిన్న బకెట్టు ఒకటి పెట్టి, "మునక్కాయ పిప్పి ఇందులో వెయ్యండి, పెరట్లో గోరింటాకు మొక్కకు వేస్తాను" అంది. ఆవిడ ఊరికి వెళ్ళినా ఆ బకెట్టు ఇప్పటికీ అక్కడే ఉంది.

మెకానికల్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక్క మాట. మర ఆగినప్పుడు ముందు దాని అడుగున చూడండి. పక్కనున్న మనిషిని తరువాత అడగవచ్చు.