ఒక్క నొక్కు - ఇద్దరు హక్కుదారులు

బాపట్ల మీదుగా తెనాలి పోయే రైలు కోసం స్టూవర్టుపురం స్టేషనులో కూర్చున్న ఒక పెద్దాయన్ని వూహించుకోండి. చేతిలో సెల్‌ఫోను. తెరమీద వరసగా రైళ్లు, ఒక్కొక్క రైలుకీ ఒక గడి. గడిలో ఎక్కడ వేలు పెట్టినా ఆ రైలు వివరాలు వస్తాయి. గడి చివర మాత్రం "టిక్కెట్టు కొను" అని ఒక చిన్న బటను. ఆయన బటనే నొక్కారు. టిక్కెట్టు రాలేదు, వివరాలు వచ్చాయి. మళ్లీ నొక్కినా అదే వరస. "ఈ యంత్రాలు నాకు పట్టుబడవు" అని ఫోను జేబులో పెట్టేసుకున్నారు.

తప్పు ఆయనదా? కానే కాదు.

వేలు చెప్పింది ఒకటే మాట. వినేవారు ఇద్దరు: గడి, దానిలోని బటను. కోడలి పేర వచ్చిన వుత్తరాన్ని వాకిట్లో కూర్చున్న మామగారు విప్పి చదవవచ్చునా? కూడదు గదా! ఫోనులోనూ అదే మర్యాద. మొదటి హక్కు లోపలి బటనుది. అది వద్దన్న నొక్కే గడికి చెందాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో మామూలుగా నొక్కు ముందు లోపలివారికే అందుతుంది. ఐఫోనులో 2012 నాటి ఆరవ ఐఓఎస్ నుంచి, బటను మీద పడిన ఒంటి నొక్కును చుట్టూ వున్న గడి కాజేయకుండా కట్టడి చేశారు. అయినా, యాప్ రాసేవారు కనబడని పొర ఒకటి బటను మీద పరిచారంటే యీ మర్యాద కాస్తా మంటగలుస్తుంది.

తగవు అంతటితో తీరదు. వేలు జారితే అది నొక్కు కాదు, జాబితాను జరపడం. అప్పుడు బటను హక్కు వదులుకోవాలి. అర సెకను అదిమి పట్టుకుంటే దానికి వేరే అర్థం. రెండుసార్లు వెంటవెంటనే నొక్కితే మరొకటి. జంట నొక్కుకు పని పెట్టారంటే, మొదటిది పడ్డాక రెండోది వస్తుందేమోనని ఫోను ఆగి చూడాలి. 2007 నాటి తొలి ఐఫోను బ్రౌజరు అందుకే సుమారు 0.3 సెకను ఆగేది. ఈలోగా విసుగెత్తి మళ్లీ నొక్కామా, అది జంట నొక్కే అయి కూర్చుంటుంది!

డబ్బు చెల్లించే చోట యిది నవ్వులాట కాదు. ఒకసారి నొక్కిన బటను, జవాబు వచ్చేదాకా రెండో నొక్కు వినకూడదు. బటనుకు వేలు పట్టే చోటూ కావాలి. ఆపిల్ వారు 44 పాయింట్లన్నారు. గూగుల్ వారు 48 డీపీలన్నారు, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లని వారి లెక్క. పొడుగాటి తెలుగు మాటను ఇరుకు బటనులో కుక్కితే అక్షరాలూ చితుకుతాయి, వేలూ తప్పుతుంది.

యాప్‌లు రాయడం నేర్చుకుంటున్న పిల్లలు మన యిళ్లలో ఎందరో వున్నారు. వారికి ఒక్క మనవి: యాప్ బజారుకెక్కే ముందు దాన్ని అమ్మమ్మ చేతికివ్వండి. ఏమీ చెప్పకండి. ఆవిడ వేలు ఎక్కడ తడబడితే, దిద్దుకోవలసింది అక్కడే.