ఒక్కరి కోసం ఒక జెండా

2008 ఆగస్టు 18వ తేదీ రాత్రి మా యింట్లో ఎవరికీ అన్నం సయించలేదు. ఎవరికీ ఏ ఆపదా రాలేదు లెండి. బీజింగు ఒలింపిక్సులో మన అఖిల్ కుమార్ ఓడిపోయాడు, అంతే! అంతకు ముందు పోటీలో ప్రపంచ ఛాంపియన్ అయిన రష్యావాడితో పాయింట్లు సమానమై, కొట్టిన దెబ్బల లెక్కమీద నెగ్గినవాడు. ఇంకొక్క పోటీ గెలిస్తే పతకం ఖాయం. అటువంటివాడు క్వార్టర్ ఫైనల్లో గోజన్ అనే మాల్డోవా కుర్రవాడి చేతిలో చిత్తయ్యాడు.

“మాల్డోవా యాడుంటది బాపూ?” అని మా చిన్నవాడు అడిగాడు.

హుజూరాబాదులో పాతికేళ్ళు పిల్లలకు సోషల్ పాఠాలు చెప్పినవాణ్ణి. నిజం చెప్పవద్దూ, నాకూ తెలియదు. గంభీరంగా లేచి అట్లాసు తీశాను. రొమేనియాకూ ఉక్రెయిన్‌కూ నడుమ ఇరుక్కుని వుంది. చూపుడు వేలు ఆనిస్తే దేశం కనబడలేదు.

మర్నాడు పొద్దున్నే మా వీధిలోని తెలుగు పండితుడు పేపరు వూపుకుంటూ వచ్చాడు. ఆయన మనిషి మహా హుషారు. “సారూ, అఖిల్ పోతే పోయిండు. అదే బరువుల మనోడు ఒకడు గెలిచిండు!” అన్నాడు. చూస్తే, బ్రూనో జూలీ, మారిషస్ అని వుంది.

“జూలీ మనోడెట్లయితడు పంతులుగారూ?”

“మారిషస్ మనది కాదా యేంది? నేను పోయి వచ్చిన గద!”

ఆ మాట ఆయన నోట వినని వాడు మా వూళ్ళో లేడు. 1990లో మారిషస్‌లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగినప్పుడు ఆయన ఎట్లాగో డబ్బు సమకూర్చుకుని వెళ్ళాడు. తిరిగి వచ్చినప్పుడు ఓ చిన్న కాగితపు జెండా తెచ్చుకున్నాడు. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ చారలు. దాన్ని సరస్వతీదేవి పటం పక్కన పెట్టుకున్నాడు.

మారిషస్‌కూ మనకూ వున్న చుట్టరికం చిన్నది కాదు. 1834 నుంచి చెరకు తోటల్లో పనికి మనదేశం నుంచి కూలీలను వోడల్లో తీసుకుపోయారు. గోదావరి ముఖద్వారాన వున్న కోరంగి రేవు నుంచి పోయిన తెలుగువారిని అక్కడ ‘కోరంగీ’లనే పిలిచేవారట. వాళ్ళు దిగిన పోర్ట్ లూయీ రేవులోని మెట్లు ఇప్పటికీ వున్నాయి. ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. మా పండితుడు సగర్వంగా చెప్పేది ఇదంతా. అయితే ఆ బ్రూనో జూలీ మాత్రం తెలుగువాడు కాడు. ఆ సంగతి నేనంటే, “జెండా ఒకటే గద సారూ” అని కొట్టిపారేశాడు. నాకు జవాబు తోచలేదు.

ఆ దేశం ఎంతటిదనుకున్నారు? మొత్తం రెండువేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అప్పటి మా ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో అటువంటివి అయిదు పట్టి ఇంకా జాగా మిగులుతుంది. వాళ్ళ జనాభా పన్నెండు లక్షల చిల్లర. 2001 లెక్కల్లో మా ఒక్క జిల్లా జనాభాయే ముప్ఫై నాలుగు లక్షలు దాటింది. 1968లో స్వతంత్రం వచ్చిన దేశం. 1984లో మొదటిసారి ఒలింపిక్సుకు వెళ్ళింది. ఆ తర్వాత ఇరవై నాలుగేళ్ళపాటు ప్రతిసారీ వెళ్ళటమూ, జెండా పట్టుకుని నడవటమూ, వట్టి చేతులతో రావటమూను.

ఆగస్టు 22న సెమీఫైనల్. ఆ రోజుల్లో బాక్సింగు లెక్క చిత్రంగా వుండేది. రింగు చుట్టూ అయిదుగురు న్యాయనిర్ణేతలు మీటలు పట్టుకుని కూర్చునేవారు. దెబ్బ సరిగ్గా తగిలిందని ఒక్క సెకను లోపల ముగ్గురైనా మీట నొక్కితేనే పాయింటు. రెండేసి నిమిషాల రౌండ్లు నాలుగు. జూలీ క్యూబావాడైన యాంకియెల్ లియోన్‌తో తలపడి రెండే రెండు పాయింట్ల తేడాతో వోడిపోయాడు. ఒలింపిక్ బాక్సింగులో సెమీఫైనల్లో వోడిన ఇద్దరికీ కంచు పతకం ఇస్తారు. ఆ విధంగా మారిషస్‌కు మొట్టమొదటి పతకం వచ్చింది. 2024 పారిస్ దాకా చూసినా ఆ దేశానికి అదొక్కటే.

ఆ రోజు పండితుడు మా వీధిలో పిల్లలందరికీ చాక్లెట్లు పంచాడు. అదే రోజు సెమీఫైనల్లో వోడిపోయి మన విజేందర్ సింగ్ కూడా కంచు పతకమే తెచ్చుకున్నాడు. చాక్లెట్లు విజేందర్ కోసమని పిల్లలనుకున్నారు. ఆయన ఎవరికీ కాదని చెప్పలేదు.

నేను మాత్రం కాగితం తీసుకుని లెక్క వేశాను. మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది? ఆ బరువులో బంగారు పతకం మంగోలియాకు, వెండి క్యూబాకు, రెండు కంచు పతకాలూ మాల్డోవాకూ మారిషస్‌కూ. ఈ నాలుగు దేశాల జనాన్నీ కలిపినా రెండు కోట్లకు లోపే. అప్పటి మన ఉమ్మడి రాష్ట్రం జనాభా ఏడున్నర కోట్లు దాటింది. దేశం సంగతి చెప్పనే అక్కర్లేదు. పిల్లలకు ఈ లెక్క చెబితే వెనక బెంచీ వాడొకడు, “ఎంత మందిమున్నా రింగులకు దిగేది ఒక్కడే గద సార్” అన్నాడు. నిజమే. ఒక్కో బరువుకు ఒక్కో దేశం నుంచి ఒక్కడికే చోటు. ఆ ఒక్కణ్ణీ ఎట్లా వెతుకుతామన్నదే సంగతంతా.

చిన్న దేశాలకు అందులో ఒక సదుపాయం వున్నదేమో ననిపిస్తుంది నాకు. దీవి అంతా కలిసి మన జిల్లాలో అయిదో వంతు వున్నప్పుడు, ఏ వూళ్ళో ఏ పిల్లవాడు చురుకైన వాడో నలుగురికీ తెలుస్తుంది. ఇక పోటీ అంటారా, హిందూ మహాసముద్రంలోని దీవులన్నీ తమలో తాము క్రీడోత్సవాలు జరుపుకుంటాయి. 1979లో రీయూనియన్ దీవిలో మొదలయ్యాయవి. మారిషస్, సీషెల్స్, మడగాస్కర్, కొమొరోస్, మాల్దీవులు వగైరాలు పాల్గొంటాయి. సముద్రంలో ఇరుగుపొరుగుల పోటీ అన్నమాట. మారిషస్ 1985లోనూ, 2003లోనూ, 2019లోనూ తన గడ్డమీద జరిపింది.

ఇటువంటి దేశాల వాళ్ళు పెద్ద ఆటల్లోకి వస్తే నవ్వేవాళ్ళూ వున్నారు. 2000 సెప్టెంబరు 19వ తేదీ మన తెలుగువాళ్ళు మరిచిపోలేని రోజు. సిడ్నీలో శ్రీకాకుళం ఆడబిడ్డ కరణం మల్లేశ్వరి 240 కిలోలెత్తి కంచు పతకం గెలిచింది. అదే రోజు అదే సిడ్నీలో ఇంకో వింత జరిగింది. ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ నుంచి ఎరిక్ ముసంబాని అనేవాడు వంద మీటర్ల ఈతకు వచ్చాడు. ఈత నేర్చుకుని ఎనిమిది నెలలే అయింది. అదైనా వోటల్లోని చిన్న కొలనులో. యాభై మీటర్ల కొలను కళ్ళతో చూడటం అదే మొదలు! అతనితోబాటు ఈదవలసిన ఇద్దరూ ఈల వూదకముందే దూకి తప్పుకోవలసి వచ్చింది. ఒక్కడే మిగిలాడు. పోను యాభై మీటర్లు పోయాడు గాని, తిరుగు దారిలో చేతులు పడిపోయాయి. మునుగుతాడేమో ననిపించింది. మొదట నవ్విన జనమే లేచి చప్పట్లు కొట్టి గట్టుకు చేర్చారు. నిమిషం 52 సెకన్ల పైన పట్టింది. మంచి ఈతగాళ్ళకు అందులో సగం కూడా అక్కర్లేదు.

అటువంటి వాణ్ణి ఒలింపిక్సుకు రానివ్వటమేమిటని అప్పట్లో నేనూ అన్నాను. ఎవరూ అర్హత సాధించని దేశాలు కూడా పరుగులోనో ఈతలోనో ఒకరిద్దర్ని పంపుకోవచ్చునని ఒక పద్ధతి వుంది. దాని కింద వచ్చాడతను. “పాస్ మార్కులు రానోణ్ణి పై క్లాసుల కూర్చోబెట్టినట్టు” అని స్టాఫ్ రూములో హాస్యమాడాను కూడా.

ఇప్పుడు అట్లా అనను. ఎందుకంటే చెబుతాను.

2024 జూలై 26న పారిస్‌లో సేన్ నది మీద పడవల్లో వూరేగింపు జరుగుతుంటే మా మనుమరాలితో కూర్చుని చూశాను. చిన్న దేశాల వాళ్ళు కొందరు ఒకే పడవలో సర్దుకున్నారు. నౌరూ అని ఒక దేశం. ఇరవై ఒక్క చదరపు కిలోమీటర్లు, మా హుజూరాబాదు కన్న తక్కువ జనం. ఆ దేశం నుంచి వచ్చిన ఆటగాడు ఒకే ఒక్కడు. “తాతా, ఒక్కని కోసం అంత దూరం జెండా తెచ్చుకున్నరా?” అని అడిగింది మనుమరాలు.

ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. ముప్ఫై యేళ్ళనాడు ఇంచుమించు ఆ మాటే నేనూ అన్నాను.

1994 అనుకుంటాను. నేను అప్పుడు పని చేసే బడిలో డ్రిల్లు మాస్టరు పోస్టు ఖాళీగా వుండేది. ఆటల బాధ్యత నా నెత్తిన పడింది. తొమ్మిదో తరగతిలో ఒక పిల్ల. చెప్పుల్లేకుండా పరిగెత్తినా మగపిల్లలెవరూ అందుకోలేకపోయేవారు. కరీంనగర్‌లో పందాలున్నాయని కాగితం వచ్చింది. మా బడి నుంచి పోదగ్గది ఆ పిల్ల ఒక్కతే. గంటకు పైబడి బస్సు ప్రయాణం. ఒక్క ఆడపిల్లను వెంటబెట్టుకుని పోవటం, వాళ్ళ నాయనతో మాట్లాడటం, ఛార్జీలు ఎవరు పెట్టుకోవాలని తేల్చటం, ఇదంతా నాకు బరువనిపించింది. “ఒక్కదాని కోసం ఏం పోతం బిడ్డా, పరీక్షలు దగ్గరికొచ్చినయి” అన్నాను. పరీక్షలు మూడు నెలల దూరాన వున్నాయి! ఆ పిల్ల సరేనని తల వూపి వెళ్ళిపోయింది. పది తప్పలేదు గాని, ఆ యేడే పెళ్ళి చేశారు.

ఆ పారిస్ ఆటల్లోనే ఆగస్టు 3న ఒక చిత్రం జరిగింది. కరీబియన్ సముద్రంలో సెయింట్ లూసియా అని లక్షా ఎనభైవేల మంది వుండే దీవి. అక్కడి పిల్ల జూలియెన్ ఆల్ఫ్రెడ్ వంద మీటర్లు 10.72 సెకన్లలో పరిగెత్తి బంగారు పతకం గెలిచింది. ఆ దేశానికి అదే మొదటి పతకం. అదే రాత్రి పక్కనే వున్న ఇంకో బుల్లి దీవి డొమినికా నుంచి థియా లాఫాండ్ ట్రిపుల్ జంపులో 15.02 మీటర్లు దూకింది. వాళ్ళకూ అదే మొదటి పతకం, అదీ బంగారమే. మనకు ఆ ఒలింపిక్సులో ఒక వెండి, అయిదు కంచు. ఆల్ఫ్రెడ్ చిన్నప్పుడు బడి బట్టలతో, వట్టి కాళ్ళతో పరిగెత్తేదట. వాళ్ళ దేశంలోని స్టేడియాన్ని, 2009లో ఆసుపత్రి తగలబడితే, ఆసుపత్రిగా మార్చుకున్నారు. పద్నాలుగేళ్ళ వయసులో ఒంటరిగా జమైకా పోయి శిక్షణ పొందింది. పద్నాలుగేళ్ళన్న చోట నేను పేపరు పక్కన పెట్టేశాను. మా పిల్లదీ అదే వయసు.

ఒక నెల తిరిగింది. సెప్టెంబరు 3న అదే పారిస్‌లో పారాలింపిక్స్. మా పక్క వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ పిల్ల జీవాంజి దీప్తి, మేధోపరమైన వైకల్యం వున్న వారి విభాగంలో నాలుగు వందల మీటర్లు 55.82 సెకన్లలో పరిగెత్తి కంచు పతకం తెచ్చింది. ఆ మే నెలలోనే జపాన్ కోబేలో 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టిన పిల్ల. తల్లిదండ్రులు కూలీలు. వూళ్ళో వాళ్ళు ఎన్నో మాటలన్నారని తల్లి పేపర్ల వారికి చెప్పుకుంది. ఆ పిల్ల పరుగును ముందుగా గుర్తించినవాడు బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడు. తరువాత నాగపురి రమేశ్ అనే కోచ్ హైదరాబాదు రప్పించాడు. బస్సు ఛార్జీలకు కూడా ఆ యింట్లో కటకట అని పత్రికలు రాశాయి. ఎవరో ఆ ఛార్జీ సంగతి చూశారన్నమాట. ఒక్కదాని కోసమే!

మా పండితుడు వుంటే ఈసారి ఎన్ని చాక్లెట్లు పంచేవాడో. ఆయన పోయి నాలుగేళ్ళయింది. కాగితపు జెండా వెలిసిపోయినా ఇంకా ఆ పటం పక్కనే వుంది.

ఆ వారంలోనే జమ్మికుంట పోదామని హుజూరాబాదు బస్టాండులో నిలబడ్డాను. “సార్, మంచిగున్నరా?” అని ఒకామె పలకరించింది. చేతిలో సంచులు, తలలో అక్కడక్కడా నెరసిన వెంట్రుకలు. ఆ పిల్లే! కూతురు ఇంటర్ చదువుతున్నదట. మాటల్లో కల్లెడ పిల్ల సంగతి వచ్చింది. “టీవీల జూసిన సార్. నాకైతే కండ్లళ్ళ నీళ్ళచ్చినయి” అంది.

నేను ఇక వుండబట్టలేక, “నిన్ను ఆనాడు కరీంనగర్ తోలుకపోకపోతినమ్మా. యాదికుందా?” అన్నాను.

నవ్వింది. “ఎనిమిది రూపాలు సార్ టికెట్టు. మా అమ్మ ఇస్తనన్నది. అమ్మను అడిగి వచ్చినంకనే మీ దగ్గరికొచ్చిన.”

ఏమనాలో నాకు తోచలేదు. ఈలోగా ఆమె ఎక్కవలసిన బస్సు అవతల కదిలింది. “పోయొస్త సార్” అంటూనే చెప్పులు విడిచి చేత పట్టుకుంది. రెండు సంచులూ ఒక చేతికి మార్చుకుని ఉరికింది. బస్టాండు దాటేలోపలే అందుకుంది. “మెల్లగ తల్లీ!” అని కండక్టరు కేకవేయటం నాకు ఇక్కడికి వినిపించింది.