ఉద్యోగి వెళ్లిపోయాడు, అకౌంట్ పోయిందా? ఎంట్రా ఐడీలో ప్రొవిజనింగ్ సెటప్ ఇలా

ఎవరైనా రిజైన్ చేస్తే కంపెనీ ల్యాప్‌టాప్ తీసుకుంటుంది, మెయిల్ ఆపేస్తుంది. మరి మిగతా యాప్‌లలోని అకౌంట్లు? ఎస్‌ఎస్‌ఓ ఉంది కదా అని వదిలేయొద్దు. అది కొత్త లాగిన్‌నే ఆపుతుంది. పాత సెషన్, ఏపీఐ టోకెన్ ఇంకా పనిచేస్తుండొచ్చు.

ఇక్కడే అవుట్‌బౌండ్ ప్రొవిజనింగ్ కావాలి. యూజర్ల చేర్పు, మార్పు, తొలగింపులను ఇది యాప్‌కి పంపుతుంది. ఎక్కువగా వాడే స్టాండర్డ్ స్కిమ్ 2.0. దీన్ని 2015లో ఐఈటీఎఫ్ ప్రచురించింది.

మైక్రోసాఫ్ట్ ఎంట్రా ఐడీలో స్టెప్స్ ఇవి:

1. ఎంటర్‌ప్రైజ్ యాప్స్‌లో మీ యాప్ తెరిచి ప్రొవిజనింగ్‌లోకి వెళ్లండి.
2. టెనెంట్ యూఆర్‌ఎల్, సీక్రెట్ టోకెన్ ఇచ్చి టెస్ట్ కనెక్షన్ నొక్కండి.
3. అట్రిబ్యూట్ మ్యాపింగ్‌లో మ్యాచింగ్ ఫీల్డ్ సరిచూడండి. ఇది తప్పితే ఒకే మనిషికి రెండు అకౌంట్లు రావొచ్చు.
4. స్కోప్‌ను అసైన్ చేసిన యూజర్లకే పరిమితం చేయండి.
5. ప్రొవిజన్ ఆన్ డిమాండ్‌తో ముందు ఒక టెస్ట్ యూజర్‌ని పంపి చూడండి.

ఒక్కటి గుర్తుంచుకోండి: ఆటోమేటిక్ సింక్ సుమారు 40 నిమిషాలకోసారి నడుస్తుంది. అర్జెంట్‌గా యాక్సెస్ తీసేయాలంటే అంతసేపు ఆగకండి, యాప్‌లోనే అకౌంట్ ఆపేయండి. చివరగా టెస్ట్ యూజర్‌ని డిసేబుల్ చేసి, యాప్‌లోనూ ఆగిందో లేదో చూడండి. చేర్చడం అందరూ టెస్ట్ చేస్తారు, తీసేయడమే మర్చిపోతారు.